సేవ్ నొక్కాక ఆ పది సెకన్లు ఎక్కడ పోతున్నాయి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువమందిది ఒకటే బాధ. పేజీ నెమ్మదిగా వస్తుంది, ఎర్రర్ లాగ్‌లో మాత్రం ఏమీ ఉండదు. అందుకే ఆదోని పాఠకుడికి వివరంగా జవాబిచ్చి, మిగతా ప్రశ్నల్ని దాని వెనకే పెట్టాం.

ప్రశ్న: ఆదోనిలో ఒక పత్తి కమీషన్ దుకాణం లెక్కల ప్రోగ్రామ్ చూసుకుంటున్నాను. రైతు తెచ్చిన లాట్, కాటా బరువు, ధర ఎక్కించి సేవ్ నొక్కితే ఒక్కోసారి వెంటనే అయిపోతుంది, ఒక్కోసారి పది పన్నెండు సెకన్లు పడుతుంది. గుమాస్తా ఫోన్ చేసి "సార్, చక్రం తిరుగుతానే ఉంది" అంటాడు. పేజీ మొదట్లోనూ చివర్లోనూ టైమ్ తీసుకుని తేడా అడుగున చూపించాను. ఎప్పుడు చూసినా 0.04 సెకనే. ఈ టైమ్‌లను సెషన్‌లో పెట్టుకుంటే ఏ భాగం ఆలస్యమో తెలుస్తుందా? ఎలా పెట్టాలి?
– ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: మీకు కనిపిస్తున్న 0.04 సెకను సేవ్ పేజీది కాదు, దాని తర్వాత తెరుచుకునే జాబితా పేజీది. సేవ్ స్క్రిప్టు పని ముగించుకుని లొకేషన్ హెడర్‌తో బ్రౌజర్‌ను జాబితా పేజీకి పంపేస్తుంది (దీన్నే రీడైరెక్ట్ అంటారు). దాంతో ఆ రిక్వెస్టు (బ్రౌజర్ సర్వర్‌ను ఒకసారి అడగడం) అయిపోతుంది, అది లెక్కపెట్టిన సమయం కూడా దాంతోనే పోతుంది. కొత్త పేజీ మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఒక రిక్వెస్టు లెక్కను తర్వాతి రిక్వెస్టుకు అందించడానికి సెషన్ (ఒక్కో యూజర్ పేరున సర్వర్ దాచి ఉంచే వివరాలు) చక్కగా పనికొస్తుంది. ఆ ఒక్క పనికే వాడండి. రోజుల తరబడి ఉండాల్సిన లెక్క లాగ్ ఫైలులోకి పోవాలి.

ఎర్రర్ లాగ్ ఖాళీగా ఉండటంలో వింతేమీ లేదు. ఆలస్యాన్ని పీహెచ్‌పీ తప్పుగా చూడదు. మ్యాక్స్_ఎగ్జిక్యూషన్_టైమ్ 30 సెకన్లు ఉంది కదా, అది దాటితే స్క్రిప్టు ఆగిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. లైనక్స్‌లో ఆ 30 సెకన్లలోకి స్క్రిప్టు తనంతట తాను నడిచిన సమయమే చేరుతుంది. డేటాబేస్ జవాబు కోసం, బయటి సర్వర్ కోసం ఎదురుచూసినది చేరదు. విండోస్‌లో మాత్రం గడియారంలో గడిచిన సమయమంతా చేరుతుంది. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆగిపోయే స్క్రిప్టే సర్వర్‌లో నిమిషాల తరబడి కూర్చోవడానికి కారణం ఇదే.

ఇక పనిలోకి వద్దాం. ఒక చిన్న టైమర్ క్లాస్ రాసుకోండి. అందులో రెండు అర్రేలు చాలు: ఇంకా తెరిచి ఉన్న విభాగాలకు ఒకటి, ముగిసినవాటికి ఇంకొకటి. 'మొదలు' ఫంక్షన్‌ను పిలిస్తే విభాగం పేరు, హెచ్‌ఆర్‌టైమ్(ట్రూ) ఇచ్చే నానోసెకన్లు మొదటి అర్రే చివర చేరాలి. 'ఆపు' ఫంక్షన్ ఆ చివరిదాన్ని బయటికి తీసి, ఇప్పటి విలువలోంచి పాత విలువ తీసేసి, 10 లక్షలతో భాగించాలి. వచ్చేవి మిల్లీసెకన్లు. వాటిని రెండో అర్రేలో రాయాలి. చివర చేరింది ముందు బయటికి వస్తుంది కాబట్టి ఒక విభాగం లోపల ఇంకొకటి ఉన్నా లెక్క తప్పదు.

'ఆపు'ను ఎప్పుడూ ఫైనలీ బ్లాకులోనే పిలవండి. ట్రై లోపల ఎక్సెప్షన్ వచ్చినా ఫైనలీ నడుస్తుంది కాబట్టి విభాగం సరిగ్గా మూసుకుంటుంది. ఎగ్జిట్ పిలిచినా, ఫేటల్ ఎర్రర్ వచ్చినా మాత్రం ఫైనలీ నడవదు. అందుకని రీడైరెక్ట్ తర్వాత వచ్చే ఎగ్జిట్‌ను ట్రై బయట పెట్టండి. ఫేటల్ వచ్చినప్పుడు విభాగం తెరిచే ఉండిపోవడం మనకు మేలే, దాని సంగతి తర్వాతి జవాబులో ఉంది.

ఏయే విభాగాలు పెట్టాలి? మీ సేవ్ పేజీకి ఆరు చాలు: సెషన్ తెరవడం, డేటాబేస్ కనెక్షన్, లాట్ నంబర్ తీయడం, ఇన్సర్ట్, రైతుకు ఎస్ఎంఎస్, కమిట్ (మార్పుల్ని డేటాబేస్‌లో ఖాయం చేయడం). సెషన్_స్టార్ట్‌ను కూడా ఒక విభాగంగా కొలవడం మరిచిపోవద్దు. దాన్ని ఎవరూ అనుమానించరు, చాలా చోట్ల దొంగ అదే. లూప్ లోపల ఒక్కో చుట్టుకూ ఒక విభాగం పెట్టొద్దు, లూప్ మొత్తానికి ఒకటి పెట్టండి.

అన్ని పేజీల్లోకీ చేరే కామన్ ఫైలులో, మొట్టమొదటి వరుసల్లో, రిజిస్టర్_షట్‌డౌన్_ఫంక్షన్‌తో ఒక ఫంక్షన్ కట్టేయండి. రిక్వెస్టు ముగిసేటప్పుడు అది నడుస్తుంది. రిక్వెస్టు మొదలైన క్షణాన్ని చెప్పే రిక్వెస్ట్_టైమ్_ఫ్లోట్ నుంచి ఇప్పటిదాకా ఎంతయిందో మొత్తం తీసుకోవాలి. ఏదైనా విభాగం 200 మిల్లీసెకన్లు దాటినా, ఏదైనా తెరిచే ఉన్నా ఆ లెక్కంతా ఒక వరుసగా లాగ్ ఫైలుకు చేర్చాలి. సెషన్ ఇంకా తెరిచే ఉందో లేదో సెషన్_స్టేటస్‌తో చూసుకుని, ఉంటే అదే లెక్కను సెషన్ అర్రేలో కూడా పెట్టాలి. షట్‌డౌన్ ఫంక్షన్లు నడిచిన తర్వాతే పీహెచ్‌పీ సెషన్‌ను డిస్కులో రాస్తుంది కాబట్టి ఇక్కడ పెట్టింది భద్రంగా నిలుస్తుంది. చివరి 20 మాత్రమే ఉంచి పాతవి తీసేయండి. సెషన్ మొత్తాన్నీ ప్రతి పేజీకీ చదివి, మళ్లీ రాయాలి. అది లావెక్కితే కొలిచే పనే కొత్త ఆలస్యం అవుతుంది. జాబితా పేజీ అడుగున ఈ లెక్కను అడ్మిన్ లాగిన్‌కే చూపించి, చూపించాక అన్‌సెట్ చేయండి.

లాగ్‌లో ఇద్దరు గుమాస్తాలవి ఈ రెండు వరుసలు పక్కపక్కన కనిపించాయనుకోండి (అంకెలన్నీ మిల్లీసెకన్లు):

11:42:07 లాట్_సేవ్ మొత్తం=10386 | సెషన్=2 | కనెక్షన్=4 | లాట్_నంబర్=9 | ఇన్సర్ట్=6 | ఎస్ఎంఎస్=10214 | కమిట్=11

11:42:08 లాట్_సేవ్ మొత్తం=8860 | సెషన్=2 | కనెక్షన్=3 | లాట్_నంబర్=8160 | ఇన్సర్ట్=7 | ఎస్ఎంఎస్=640 | కమిట్=10

మొదటి వరుసలో పది సెకన్లు తిన్నది ఎస్ఎంఎస్ అని చూడగానే తెలుస్తుంది. రెండో గుమాస్తా సెషన్ మాత్రమే చూస్తే తప్పు లాట్ నంబర్ క్వెరీ మీదికి పోతుంది. దానికి ఇండెక్స్ వేస్తూ కూర్చుంటారు, ఏమీ మారదు. నిజానికి ఆ క్వెరీకి ఏ జబ్బూ లేదు. మొదటి గుమాస్తా రిక్వెస్టు లాట్ నంబర్ వరుసను ఫర్ అప్‌డేట్‌తో లాక్ చేసి, కమిట్ చేయకముందే ఎస్ఎంఎస్ సర్వర్‌కు ఫోన్ కలిపింది. అటు జవాబు వచ్చి కమిట్ అయ్యేదాకా రెండోవాళ్ల లాట్ నంబర్ ఆగిపోయింది. సెషన్ ఒక మనిషి దారిని మాత్రమే చూపిస్తుంది, కారణం ఇంకొకరి రిక్వెస్టులో ఉండొచ్చు. అందుకే సెషన్‌తో పాటు లాగ్ కూడా పెట్టమన్నది. ఇలాంటి ఎదురుచూపు 50 సెకన్లు దాటితే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఇంజిన్ ఇన్నోడీబీ డిఫాల్టు ప్రకారం 1205 నంబర్ ఎర్రర్‌తో వదిలేస్తుంది. అంతలోపు అయితే ఎక్కడా ఎర్రర్ కనిపించదు.

మీ వర్ణనలో "ఒక్కోసారి" అన్న మాట చూస్తే మా మొదటి అనుమానం ఇదే. ముందు కమిట్, ఆ తర్వాతే ఎస్ఎంఎస్. అంతకంటే మంచి పద్ధతి, పంపాల్సిన ఎస్ఎంఎస్‌లను ఒక టేబుల్‌లో రాసి వదిలేసి, నిమిషానికోసారి నడిచే క్రాన్ స్క్రిప్టుతో పంపించడం. బయటి సర్వర్‌తో మాట్లాడే కర్ల్‌కు సమయం మీరు చెప్పకపోతే దాని టైమ్‌అవుట్ డిఫాల్టు 0, అంటే ఎంతసేపైనా కూర్చుంటుంది. కనెక్ట్ టైమ్‌అవుట్ డిఫాల్టు 300 సెకన్లు. మొదటిదానికి 8, రెండోదానికి 3 పెట్టండి. కర్ల్_గెట్‌ఇన్ఫో ఇచ్చే నేమ్‌లుకప్_టైమ్, కనెక్ట్_టైమ్, స్టార్ట్‌ట్రాన్స్‌ఫర్_టైమ్‌లను కూడా లాగ్‌లో వేయండి. ఈ మూడూ మొదటి నుంచి కలుపుకుంటూ వచ్చిన లెక్కలు. నేమ్‌లుకప్ దగ్గరే 5 సెకన్లుంటే తప్పు మీ సర్వర్ డీఎన్ఎస్‌ది (సైటు పేరును ఐపీ చిరునామాగా మార్చే ఏర్పాటు). కనెక్ట్ త్వరగా అయి స్టార్ట్‌ట్రాన్స్‌ఫర్ ఆలస్యమైతే ఎస్ఎంఎస్ కంపెనీ సర్వర్‌ది.

ప్రశ్న: ల్యాబ్ రిపోర్టుల సైటు. సెట్_ఎర్రర్_హ్యాండ్లర్ పెట్టి, ఎర్రర్ రాగానే అప్పటిదాకా పట్టిన సమయాలను సెషన్‌లో రాస్తున్నాను. రిపోర్టు పీడీఎఫ్ చేసేటప్పుడు తెల్ల పేజీ వస్తుంది, సెషన్‌లో చూస్తే ఏమీ లేదు. హ్యాండ్లర్ నడవలేదా?
– అనంతపురం

జవాబు: నడవలేదు. ఆ హ్యాండ్లర్‌కు వార్నింగ్‌లు, నోటీసులు, డెప్రికేటెడ్ హెచ్చరికలు అందుతాయి. మెమరీ అయిపోవడం, సమయం దాటడం వంటి ఈ_ఎర్రర్ రకం అందదు. ఈ_పార్స్, ఈ_కోర్_ఎర్రర్, ఈ_కంపైల్_ఎర్రర్ కూడా అంతే. పట్టుకోని ఎక్సెప్షన్ల కోసం సెట్_ఎక్సెప్షన్_హ్యాండ్లర్ విడిగా పెట్టాలి. దాని పారామీటర్‌ను ఎక్సెప్షన్ అని కాకుండా త్రోయబుల్ అని రాయండి. పీహెచ్‌పీ 7 నుంచి పాత ఫేటల్‌లు చాలా వరకు ఎర్రర్ క్లాస్‌గా వస్తున్నాయి, అవి ఎక్సెప్షన్ క్లాస్ కిందికి రావు.

మిగిలిన ఫేటల్‌లకు షట్‌డౌన్ ఫంక్షనే దిక్కు. అందులో ఎర్రర్_గెట్_లాస్ట్ పిలవండి. అది చివరగా వచ్చిన ఏ ఎర్రర్‌నైనా ఇస్తుంది, మామూలు వార్నింగ్ అయినా సరే. కాబట్టి టైప్ చూసి పై నాలుగు రకాల్లో ఒకటైతేనే ఫేటల్‌గా రాయండి. మెమరీ అయిపోయి ఆగినప్పుడు షట్‌డౌన్ ఫంక్షన్‌కు కూడా చోటు మిగలకపోవచ్చు. స్క్రిప్టు మొదట్లోనే 64 కేబీ స్ట్రింగ్ ఒకటి గ్లోబల్‌గా పెట్టుకుని, షట్‌డౌన్ ఫంక్షన్ మొదటి వరుసలో దాన్ని నల్ చేయండి. ఆ ఖాళీలో లాగ్ రాసే పని జరిగిపోతుంది.

అప్పుడు టైమర్‌లో తెరిచే ఉన్న విభాగాల అర్రేను చూడండి. "రిపోర్టు > పీడీఎఫ్ > లోగో" అని మిగిలి ఉంటే స్క్రిప్టు ఆగిపోయింది లోగో దగ్గరే. ల్యాబ్ రిపోర్టుల్లో లోగో, డాక్టర్ సంతకం బొమ్మలు అనుమానించదగ్గవే. ఫోన్‌తో తీసిన 4000 × 3000 చుక్కల ఫొటోను పీహెచ్‌పీ బొమ్మల లైబ్రరీ జీడీతో తెరిస్తే చుక్కకు 4 బైట్ల చొప్పున 48 ఎంబీ అవుతుంది, డిస్కులో ఆ ఫైలు 3 ఎంబీయే ఉన్నా సరే. మెమరీ_లిమిట్ డిఫాల్టు 128 ఎంబీ. బొమ్మను ఎక్కించేటప్పుడే 600 చుక్కల వెడల్పుకు తగ్గించి పెట్టుకుంటే రిపోర్టు పూటపూటా ఈ భారం మోయదు.

సెషన్‌లో రాతలు కనిపించకపోవడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. ఒకటి, అంతకుముందే ఎక్కడో సెషన్_రైట్_క్లోజ్ పిలిచి ఉండటం. ఆ తర్వాత కూడా సెషన్ అర్రేలో రాయవచ్చు, ఎర్రర్ ఏదీ రాదు, కానీ డిస్కుకు చేరదు. ఈ మౌనం చాలామందిని తిప్పలు పెడుతుంది. రెండోది, ఎఫ్‌పీఎమ్‌లో (సర్వర్‌లో పీహెచ్‌పీ ప్రాసెస్‌లను నడిపే మేనేజర్) రిక్వెస్ట్_టెర్మినేట్_టైమ్‌అవుట్ దాటి ప్రాసెస్‌నే చంపేయడం. అలాంటప్పుడు షట్‌డౌన్ ఫంక్షన్ కూడా నడవదు. పీడీఎఫ్ వంటి అపాయమున్న విభాగాలకు, ముగిసినప్పుడే కాక మొదలైనప్పుడు కూడా లాగ్‌లో ఒక వరుస వేయండి. మొదలు ఉండి ముగింపు లేని వరుసే ఆధారం.

504 గేట్‌వే టైమ్‌అవుట్ వేరే సంగతి. వెబ్ సర్వర్ ఎన్జిన్‌ఎక్స్‌లో ఫాస్ట్‌సీజీఐ_రీడ్_టైమ్‌అవుట్ డిఫాల్టు 60 సెకన్లు. అది వదిలేసినా వెనక పీహెచ్‌పీ పని చేస్తూనే ఉంటుంది. యూజర్‌కు 504 కనిపిస్తుంది, రికార్డు మాత్రం సేవ్ అయి ఉంటుంది. మళ్లీ నొక్కితే అదే రెండోసారి ఎక్కుతుంది. ఫారమ్‌లో ఒక్కసారికే చెల్లే టోకెన్ పెట్టడం తప్పనిసరి.

ప్రశ్న: బట్టల షాపు డ్యాష్‌బోర్డులో ఐదు పెట్టెలున్నాయి (అమ్మకాలు, స్టాకు, బాకీలు వగైరా), ఒక్కోటీ అజాక్స్‌తో (పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా) విడిగా వస్తుంది. సెషన్‌లో సమయాలు రాయడం మొదలుపెట్టాక పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటున్నాయి. అంతకుముందు కలిసి వచ్చేవి.
– ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: సెషన్ లాక్. సెషన్‌లు ఫైళ్లలో ఉన్నప్పుడు సెషన్_స్టార్ట్ ఆ యూజర్ ఫైలును లాక్ చేస్తుంది. సెషన్‌ను మూసేదాకా, లేదా స్క్రిప్టు ముగిసేదాకా వదలదు. ఒకే కాటా ఉన్న యార్డుకు ఐదు బండ్లు ఒకేసారి వచ్చినట్టే: ఒక బండి దిగితేనే రెండోది ఎక్కాలి. ఇంతకుముందు మీ అజాక్స్ పేజీలు సెషన్‌ను వెంటనే మూసేస్తూ ఉండాలి, లేదా అసలు తెరవకుండా ఉండాలి. సమయాలు రాయడం కోసం చివరిదాకా తెరిచి ఉంచడంతో వరుస కట్టాయి.

రుజువు సులువే. ఒక పెట్టె స్క్రిప్టులో సెషన్_స్టార్ట్ తర్వాత స్లీప్(5) పెట్టి డ్యాష్‌బోర్డు తెరవండి. దాని వెనక వచ్చిన పెట్టెలన్నిట్లో "సెషన్" విభాగమే దాదాపు 5000 మిల్లీసెకన్లు చూపిస్తుంది. వేరే బ్రౌజర్‌లో వేరే లాగిన్‌తో తెరిస్తే ఆ ఆలస్యం ఉండదు, ఎందుకంటే లాక్ ఆ ఒక్క సెషన్‌దే. "నాకు నెమ్మది, పక్కవాళ్లకు బాగానే ఉంది" అని ఎవరైనా అంటే ముందు దీన్నే చూడండి.

మందు ఏమిటంటే, సెషన్‌ను చదవడానికే వాడే పేజీల్లో సెషన్_స్టార్ట్‌కు రీడ్_అండ్_క్లోజ్ ఆప్షన్ ఇవ్వండి. ఇది పీహెచ్‌పీ 7.0 నుంచి ఉంది. చదివి వెంటనే మూసేస్తుంది. ఆ పేజీల సమయాలను సెషన్‌లో రాయొద్దు, లాగ్‌కే పంపండి. రీడైరెక్ట్ చేసే సేవ్ పేజీలకే సెషన్ పద్ధతి ఉంచుకోండి. మూసిన సెషన్‌ను చివర్లో మళ్లీ తెరిచి రాద్దామనుకుంటే, అప్పటికే పేజీ బయటికి పోయి ఉంటే హెడర్లు వెళ్లిపోయాయన్న వార్నింగ్‌తో సెషన్ తెరుచుకోదు.

కొందరు సెషన్లను మెమరీలో డేటా దాచే రెడిస్‌కు మారుస్తారు. పీహెచ్‌పీ రెడిస్ ఎక్స్‌టెన్షన్‌లో లాకింగ్ డిఫాల్టుగా లేదు కాబట్టి పెట్టెలు కలిసి తెరుచుకుంటాయి. కానీ ఐదూ ఒకేసారి సెషన్‌ను రాస్తే చివర రాసినదే నిలుస్తుంది, మిగతా నాలుగింటి రాతలు పోతాయి. కార్ట్, బిల్లు వంటివి సెషన్‌లో పెట్టుకునేవాళ్లు తొందరపడి మారవద్దు.

ప్రశ్న: పీహెచ్‌పీ 7.4 నుంచి 8కి మారాం. స్టాకు జాబితా పేజీ ఒక సెకనులో వచ్చేది, ఇప్పుడు అరనిమిషం పడుతోంది. క్వెరీ మాత్రం వేగంగానే ఉంది. ఎర్రర్లను డేటాబేస్ టేబుల్‌లో రాసి, మెయిల్ పంపే సొంత హ్యాండ్లర్ ఉంది.
– కర్నూలు

జవాబు: మీ హ్యాండ్లరే ఆ అరనిమిషాన్ని తింటోంది. అర్రేలో లేని కీని చదివితే 7.4లో నోటీసు వచ్చేది, 8 నుంచి అది వార్నింగ్. మీ హ్యాండ్లర్ నోటీసులను వదిలేసి వార్నింగ్‌లను రాసేలా ఉంటే, మూడు వేల వరుసల జాబితాలో ఒక్కో వరుసకూ ఒక వార్నింగ్ చొప్పున మూడు వేల ఇన్సర్ట్‌లు, మూడు వేల మెయిల్ కాల్స్ అవుతాయి.

హ్యాండ్లర్ లోపలే కొలవండి. లోపలికి రాగానే హెచ్‌ఆర్‌టైమ్, బయటికి పోయే ముందు ఇంకొకటి. ఎన్నిసార్లు పిలిచారు, కలిపి ఎంత పట్టింది అన్న రెండు అంకెల్ని స్టాటిక్ వేరియబుల్స్‌లో కూడబెట్టి, షట్‌డౌన్‌లో "హ్యాండ్లర్=3000 సార్లు, 27400" అన్నట్టు రాయండి. ఈ ఒక్క అంకె మీ ప్రశ్నకు జవాబు చెప్పేస్తుంది.

హ్యాండ్లర్ లోపల మెయిల్, డేటాబేస్, బయటి సర్వర్, ఏదీ ఉండకూడదు. ఫైలు పేరు, వరుస నంబర్ కలిపి కీగా చేసి మెమరీలోని అర్రేలో ఆ కీ కింద ఒకటి కలపడం, అంతే. రిక్వెస్టు చివర్లో "స్టాక్.పీహెచ్‌పీ 88వ వరుస, 3000 సార్లు" అని ఒక్క వరుస లాగ్‌లో పడుతుంది. మెయిల్ కావాలంటే ఆ లాగ్ చదివే క్రాన్ గంటకోసారి పంపుతుంది. బ్యాక్‌ట్రేస్ కావాలంటే ఆ కీ మొదటిసారి వచ్చినప్పుడే తీయండి, అదీ ఆర్గ్యుమెంట్లు వద్దని, లోతు 10 చాలని చెప్పి.

ఇంకో మెలిక ఉంది. వరుస ముందు @ పెట్టి నోరు మూయించినా హ్యాండ్లర్‌కు పిలుపు వస్తూనే ఉంటుంది. 7.4 దాకా @ ఉన్నప్పుడు ఎర్రర్_రిపోర్టింగ్ విలువ 0 వచ్చేది, అందరూ సున్నా అయితే వదిలేయమని రాసుకునేవారు. 8 నుంచి అక్కడ 4437 వస్తుంది. సున్నా పరీక్ష రాసినవాళ్ల కోడ్‌లో @ పెట్టినవన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. ఎర్రర్ నంబర్‌ను ఎర్రర్_రిపోర్టింగ్ విలువతో బిట్‌వైజ్ అండ్ చేసి, సున్నా వస్తే ఫాల్స్ తిప్పి పంపండి. ఇది రెండు వెర్షన్లలోనూ సరిగ్గా నడుస్తుంది. అసలు వైద్యం 88వ వరుసలోనే, రెండు ప్రశ్నార్థకాల గుర్తుతో డిఫాల్టు విలువ ఇవ్వడం.

ప్రశ్న: టైమర్ ఒక్కోసారి –0.73 అని చూపిస్తోంది. సమయం వెనక్కి ఎలా పోతుంది?
– కడప

జవాబు: మైక్రోటైమ్‌కు ట్రూ ఇవ్వడం మరిచినట్టున్నారు. ట్రూ లేకపోతే అది "0.12345600 1700000000" వంటి స్ట్రింగ్ ఇస్తుంది, ముందు సెకనులో భాగం, తర్వాత సెకన్లు. తీసివేతలో పీహెచ్‌పీ ముందున్న భాగాన్నే తీసుకుంటుంది. సెకను మారిన ప్రతిసారీ తేడా తప్పుతుంది, మైనస్ కూడా రావచ్చు. పక్కన ఒక వార్నింగ్ కూడా పడుతూ ఉంటుంది, లాగ్ చూడండి. ట్రూ ఇచ్చినా, సర్వర్ గడియారాన్ని ఎన్‌టీపీ సరిచేసిన క్షణంలో తేడా రావచ్చు. 7.3 నుంచి ఉన్న హెచ్‌ఆర్‌టైమ్ గడియారం దిద్దుబాట్లతో సంబంధం లేకుండా ముందుకే పోతుంది. దాని విలువకు తేదీతో సంబంధం లేదు కాబట్టి సెషన్‌లో దాన్ని యథాతథంగా దాచి తర్వాతి పేజీలో తీసివేయకండి. పట్టిన మిల్లీసెకన్లనే దాచండి.

ప్రశ్న: బండల ఫ్యాక్టరీ ఆర్డర్ల సైటు. టైమర్ మొత్తం 300 మిల్లీసెకన్లంటుంది, చూసేవాళ్లు 15 సెకన్లంటారు. ఎవరిది నిజం?
– తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: ఇద్దరిదీ. ఎఫ్‌పీఎమ్ వర్కర్ చేతికి రిక్వెస్టు అందాకే పీహెచ్‌పీ లెక్క మొదలవుతుంది. అంతకుముందు వరుసలో నిలబడిన సమయం దానికి తెలియదు. ఎన్జిన్‌ఎక్స్ లాగ్ ఫార్మాట్‌లో రిక్వెస్ట్_టైమ్ (మొత్తం సమయం), అప్‌స్ట్రీమ్_రెస్పాన్స్_టైమ్ (పీహెచ్‌పీ వైపు నుంచి జవాబుకు పట్టినది) రెండూ చేర్చండి. రెండూ 15 ఉండి పీహెచ్‌పీ 0.3 అంటుంటే రిక్వెస్టులు వర్కర్ల కోసం కాచుకున్నాయి. ఎఫ్‌పీఎమ్ లాగ్‌లో పీఎమ్.మ్యాక్స్_చిల్డ్రన్ హద్దు చేరిందన్న హెచ్చరిక వెతకండి. డిఫాల్టు పూల్‌లో అది 5 మాత్రమే. పెంచేముందు ఒక్కో వర్కర్ ఎంత ర్యామ్ తింటుందో చూసుకోండి. 60 ఎంబీ చొప్పున అయితే 2 జీబీ సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్‌కు చోటు వదిలి 15 దాకా పెట్టవచ్చు. అప్‌స్ట్రీమ్ 0.3 ఉండి రిక్వెస్ట్_టైమ్ మాత్రమే 15 ఉంటే ఆలస్యం సర్వర్‌కూ ఫోన్‌కూ మధ్య ఉంది. క్వారీ దగ్గర సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట 4 ఎంబీ బండల ఫొటోలు పంపితే జరిగేది ఇదే.

ప్రశ్న: ఎక్స్‌డీబగ్ ప్రొఫైలర్ ఉండగా ఈ టైమర్ల తంటా ఎందుకు?
– గుంతకల్లు

జవాబు: మీ కంప్యూటర్‌లో నిలకడగా నెమ్మదించే పేజీ అయితే ఎక్స్‌డీబగే మేలు. ప్రొఫైల్ మోడ్, ట్రిగ్గర్‌తో మొదలు పెట్టి, వచ్చిన ఫైలును కేక్యాష్‌గ్రైండ్‌లో తెరిస్తే ఫంక్షన్ ఫంక్షన్‌కూ లెక్క దొరుకుతుంది. నడుస్తున్న సైటులో మాత్రం అది ప్రతి పేజీనీ బరువెక్కిస్తుంది, అప్పుడప్పుడు వచ్చే జబ్బు మీరు చూసే వేళకు రాదు. అక్కడ ఎఫ్‌పీఎమ్ స్లోలాగ్ పెట్టండి. రిక్వెస్ట్_స్లోలాగ్_టైమ్‌అవుట్ 5 సెకన్లు, స్లోలాగ్‌కు ఒక ఫైలు దారి, అంతే. 5 సెకన్లు దాటిన క్షణాన స్క్రిప్టు ఏ ఫైలులో ఏ వరుస మీద ఉందో రాసిపెడుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఇది డిఫాల్టుగా ఆఫ్‌లో ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ స్లో క్వెరీ లాగ్‌ను కూడా తెరిచి, లాంగ్_క్వెరీ_టైమ్‌ను డిఫాల్టు 10 సెకన్ల నుంచి 1కి దించండి. కొత్త సైటు చేతికొస్తే మేము ముందు పెట్టమనేవి ఈ రెండే. టైమర్లు ఆ తర్వాత, అనుమానం పుట్టిన పేజీలకు.

ప్రశ్న: సమయాలతో పాటు ఫారమ్‌లో యూజర్ నింపిన వివరాలన్నీ సెషన్‌లో, లాగ్‌లో పెట్టుకుంటే తర్వాత సరిచూడటం సులువు కదా?
– కడప

జవాబు: వద్దు. పాస్‌వర్డ్, ఆధార్, ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా, ఇవేవీ లాగ్‌లోకి పోకూడదు. పేజీ పేరు, విభాగం, మిల్లీసెకన్లు, రికార్డు నంబర్ చాలు. రికార్డు నంబర్ ఉంటే మిగతాది డేటాబేస్‌లో చూసుకోవచ్చు. ఎక్సెప్షన్ ట్రేస్ రాసేవాళ్లు జెండ్.ఎక్సెప్షన్_ఇగ్నోర్_ఆర్గ్స్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే లాగిన్ ఫంక్షన్‌కు ఇచ్చిన పాస్‌వర్డ్ ట్రేస్‌లో బయటపడవచ్చు. సెషన్‌లో అంకెలు, చిన్న స్ట్రింగ్‌లే పెట్టండి. పీడీఓ (డేటాబేస్) కనెక్షన్‌నో క్లోజర్‌నో (పేరులేని ఫంక్షన్) పొరపాటున పెడితే సీరియలైజ్ కుదరదని ఎక్సెప్షన్ వస్తుంది. ఒకే యూజర్ వరుసలను లాగ్‌లో కలిపి చూడటానికి చాలామంది సెషన్ ఐడీని నేరుగా రాస్తారు. అది చూసినవాళ్లు సెషన్ బతికి ఉన్నంతసేపు ఆ యూజర్‌గా లోపలికి రాగలరు. ఐడీని ఎస్‌హెచ్‌ఏ-256తో హాష్ చేసి మొదటి 8 అక్షరాలు మాత్రమే రాయండి. లాగ్ ఫైలును వెబ్ ఫోల్డర్ బయట పెట్టి, లాగ్‌రొటేట్‌తో 14 రోజులకు మించిన పాతవి తీసేయండి.